రానివాళ్ళ లెక్క

సార్ పోయారన్న ఫోన్ వచ్చేటప్పటికి నేను మిర్యాలగూడ నుంచి నేరేడుచర్ల పోయే షేరాటోలో ఉన్నాను. వాళ్ళమ్మాయి చేసింది. "పొద్దున టిఫిన్ తిని పేపర్ పట్టుకొని కూసున్నడు అక్కా. అమ్మ చాయ్ తెచ్చేసరికి పేపర్ ఒళ్ళో ఉన్నది, నాన్న లేడు" అంది. ఆటో ఆపించి ఒక రైస్ మిల్లు గోడ పక్కన దిగాను. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. మేం చదివించే పిల్లల పరీక్ష ఆ వచ్చే వారమే. కాగితాలు ముందరేసుకుని కూర్చుందాం రమ్మని ఆయనే చెప్పి ఉన్నారు. మాట ఇచ్చి తప్పే మనిషి కాదు. మిల్లు వెనక ఊక కుప్పలు చూస్తూ నిలబడ్డంతసేపూ ఆ కోపమే ఉంది. ఏడుపు తర్వాత వచ్చింది.

నేను ఆయన దగ్గర చదువుకున్నదాన్ని కాదు. ఆయన సూర్యాపేటలో డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యారు. నేను బి.ఎ. చదివి, లెక్కలకు పదో తరగతిలోనే ఓ దండం పెట్టి వచ్చినదాన్ని. మా ఇద్దరినీ కలిపింది చదవడం రాని పిల్లలు.

నేను పనిచేసే సంస్థ మా జిల్లాలోనూ, పక్కన మిర్యాలగూడ వైపూ కొన్ని ఊళ్ళలో సాయంత్రం చదువు అని ఒకటి మొదలుపెట్టింది. బడి అయిపోయాక గంటసేపు, చదవడం రాని నాలుగు, ఐదు తరగతుల పిల్లలను కూర్చోబెట్టి, ఊళ్ళోనే ఇంటరో డిగ్రీనో చదివిన అమ్మాయిలతో చదివించడం. పిల్లలు వాళ్ళను అక్కా అని పిలిచేవాళ్ళు. ఆ అక్కలందరినీ చూసుకునే పని నాది. బడులు తెరిచిన కొత్తలో పిల్లలకు ఒక పరీక్ష పెట్టాం, డిసెంబర్లో ఇంకొకటి. రెండింటికీ తేడా చూసి సంస్థ పెద్దలు రెండు సంగతులు తేల్చుతామన్నారు. ఈ చదువు నడపాలా, ఆపాలా. నడిపితే కొత్త మండలాలకు పెంచాలా, వద్దా. ఆ కొత్త మండలాల్లో మా నడిగూడెం ఉంది. మా అన్న బిడ్డ అప్పుడు అక్కడి బడిలో ఐదో తరగతి. పుస్తకం ముందు పెడితే బొమ్మ చూసి కథ చెప్పేది, అక్షరాల వైపు చూసేది కాదు. వచ్చే ఏడు మన ఊరికి తెస్తానని మా వదినకు మాటిచ్చి వచ్చాను.

డిసెంబర్ పరీక్ష మార్కులు వచ్చాయి. మొదటి సగటు, రెండో సగటు పక్కపక్కన పెట్టి చూస్తే మా కళ్ళు మేమే నమ్మలేదు. పిల్లలు ఒక్క దూకు దూకారు. మా మేనేజర్, హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రవాడు, మంచివాడు, అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు. పెద్దలకు పంపే ముందు ఎవరైనా స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్ళు ఒక చూపు చూస్తే బాగుంటుందని సార్‌ను పిలిచింది కూడా అతనే. సార్ వచ్చారు. బజ్జీ తిన్నారు. చేయి తుడుచుకుని కాగితం చూసి ఒక్కటే అడిగారు.

"ఫస్ట్ పరీక్ష రాసినోళ్ళు, ఈ సెకండ్ పరీక్ష రాసినోళ్ళు ఒక్కరేనా?"

"చాలామంది వాళ్ళే సార్" అన్నాను.

"చాలామంది అంటే?"

మేనేజర్ కాగితం తిప్పి వెనక చూశాడు. సార్ ఇంకో బజ్జీ తీసుకున్నారు.

మర్నాడు కోదాడ వైపు బడులు చూస్తానంటే నేను వెంట పోయాను. బస్సులో ఆయనకు కిటికీ సీటే కావాలి. ఆ విషయంలో చిన్నపిల్లవాడి కంటే అధ్వాన్నం. ఆ రోజు బస్సు నిండా ముసలివాళ్ళు, మునగాలలో ఏదో కంటి శిబిరమట. మునగాల రాగానే ఒకరి చేయి ఒకరు పట్టుకుని అందరూ దిగిపోయారు. బస్సు కదిలాక సార్ నా వైపు తిరిగారు.

"ఇప్పుడు బస్సుల ఉన్నోళ్ళ సగటు వయసు తగ్గిందా, లేదా?"

"తగ్గింది సార్."

"మరి ఎవరన్న పడుచోళ్ళయిన్రా?"

టికెట్లు కొడుతున్న కండక్టర్ విని "నేనైతే కాలే సార్" అన్నాడు. సార్ పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా పిల్లల్లో చదువు రానివాళ్ళే రెండో పరీక్షకు రాకపోయి ఉంటే, ఎవరూ ఏమీ నేర్చుకోకపోయినా సగటు దానంతట అదే పెరిగి ఉంటుంది. అది ఆ బస్సులో కూర్చుని నాకు అర్థమైంది. ఎవరో సిద్ధాంతం చెబితే నా బుర్రకు ఎక్కేది కాదు.

మళ్ళీ ఆఫీసులో కూర్చున్నాం. రెండో పరీక్ష రాయని పిల్లల పేర్ల ముందు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. మేనేజర్‌కు ఆ ఖాళీలు చూస్తే చేతులు ఊరుకోవు. "ఆబ్సెంట్ అంటే సున్నా వేద్దాం సార్, పరీక్షల్లో అదే కదా పద్ధతి" అన్నాడు.

"నిన్న నీకు జ్వరమొచ్చి ఆఫీసుకు రాలే. నిన్న నీ తెలివి సున్నానా?" అన్నారు సార్.

"పోనీ, మొదటి పరీక్ష మార్కే మళ్ళీ వేద్దాం."

"అంటే అన్ని నెలలు పిల్ల పెరగకుంట, తరగకుంట నిలబడి ఉన్నదా? నువ్వు సూసినవా?"

"అయితే క్లాసు సగటు వేద్దాం."

"అందరికీ ఒకటే సైజు యూనిఫాం కుట్టిచ్చినట్టుంటది. పొడుగోనికి మోకాళ్ళ దాక, పొట్టోనికి మడిమెల దాక."

మేనేజర్ చేతులెత్తేశాడు. "ఇగ తీసేద్దాం సార్. రెండు పరీక్షలూ రాసినవాళ్ళనే లెక్కలోకి తీసుకుందాం." అతనికి కూడా మా యాస అంటుకుంది అప్పటికి.

సార్ పెన్సిల్ ములుకు ఒక ఖాళీ గడిలో ఆనించి అలాగే ఉంచారు. అది ఆయన అలవాటు. ఖాళీ కనిపిస్తే గీత కొట్టడం, అడ్డగీత పెట్టడం ఆయనకు ఇష్టం ఉండదు. "ఇది అన్నిట్ల మర్యాదగల తప్పు" అన్నారు చివరికి. "లాటరీ తీసినట్టు ఎవరో ఒకరు తప్పిపోతే, తీసేసినా నష్టం లేదు. కని వీళ్ళు లాటరీల పోయిన్రా? మా అమ్మ ఒక మాట అంటుండె. తప్పిన గొర్రె ఉత్తగ తప్పదు. కుంటిదన్న అయి ఉంటది, ఈనబోయేదన్న అయి ఉంటది అని."

సార్‌ది తిరుమలగిరి పక్కన గొర్రెలు కాసే ఇల్లు. ఆ సంగతి ఆయన దాచిపెట్టేవారు కాదు, గొప్పగా చెప్పుకునేవారూ కాదు. కాలేజీలో పాఠం కూడా మన యాసలోనే చెప్పేవారట. కొత్తగా చేరిన ఒక లెక్చరర్ ఎవరో ఆ మాట మీద ఎగతాళి చేస్తే, "నాకు స్టాటిస్టిక్స్ రెండు సార్లు అర్థమైంది సార్, ఒకసారి మందల, ఒకసారి ఇంగ్లీషుల" అని ఊరుకున్నారట.

రాని పిల్లలకు మళ్ళీ పరీక్ష పెడదాం అన్నారు. నేరేడుచర్ల దగ్గర ఒక ఊరి బడికి ముందుగా చెప్పి పోయాం. పోయేసరికి గదిలో బెంచీలన్నీ నిండి ఉన్నాయి. హెడ్‌మాస్టర్ గారు తలుపు దగ్గరే ఎదురొచ్చి, పిల్లలతో నమస్కారం పెట్టించారు. నాకు ప్రాణం లేచొచ్చింది. సార్ ముందు బెంచీలో ఉన్న పిల్లవాడి పక్కన కూర్చున్నారు.

"పేరేంది బిడ్డా?"

వాడు హెడ్‌మాస్టర్ వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు. "ఏ పేరు చెప్పాలె సార్? నాదా, కాయితం మీదిదా?"

హెడ్‌మాస్టర్ గారి మొహం చూడలేకపోయాను. పాపం, ఆయన దొంగ కాదు. "మీరు సూర్యాపేట నుంచి ఇంత దూరం వస్తున్నరు సార్. బెంచీలు ఖాళీగ పెట్టి మిమ్మల్ని కూసోవెడితే మర్యాదగ ఉంటదా? అందుకే వాళ్ళ తమ్ముళ్ళను, పక్క క్లాసోళ్ళను కూసోవెట్టిన" అన్నారు. ఇంటికొచ్చినవాళ్ళ ముందు పరువు పోకూడదని చేసిన పని అది. సార్ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

"రానోళ్ళ విస్తరి ముందు వేరేటోళ్ళను కూసోవెడితిరి సార్ మీరు. సరే గని, అసలోళ్ళు ఎటు పొయిన్రు?"

ఆ హెడ్‌మాస్టర్‌కు అంతా తెలుసు. ఎవరు నాట్లకు పోయారో, ఎవరు అమ్మమ్మ ఇంట్లో ఉన్నారో, ఎవరింట్లో తల్లి దవాఖానలో ఉంటే పిల్ల వంట చేస్తుందో, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పారు. ఇన్నాళ్ళూ ఆయన్ని ఎవరూ అడగలేదంతే. చివరికి తన బండి తీసి, వెనక సార్‌ను ఎక్కించుకుని పొలాల గట్ల వెంట తానే తిప్పారు. సాయంత్రానికి ఆ ఊరి పిల్లలు దాదాపు అందరూ దొరికారు. మేం పోయేటప్పుడు హెడ్‌మాస్టర్ గారు సార్ చేయి పట్టుకుని "ఖాళీ బెంచీలకు ఇంత ఇజ్జత్ ఉంటదని తెల్వదు సార్" అన్నారు.

అక్కడినుంచి మాకు తిరుగుడు మొదలైంది. తిరుమలగిరి వైపు పిల్లలు పత్తి ఏరడానికి పోయారు. ఇంటికి వచ్చేదాకా అరుగుల మీద కూర్చుని చదివించాం. అక్కల దగ్గర నేర్చుకున్నదాంట్లో కొంత మర్చిపోయారు. ఒకమ్మాయి మొదటి పరీక్షలో చదివిన మాటలు కూడా ఇప్పుడు చదవలేక తల దించుకుంది. కుంటి గొర్రెలు వీళ్ళే అనుకున్నాను. కోదాడ దగ్గర కోసిన పొలాల్లో గొర్రెల మంద కట్టిన ఒక కుటుంబం దగ్గరకు పోతే, పొలం యజమాని గట్టు మీదనుంచి "ఏమండీ, గొర్రెల కోసమా, వాటి తాలూకు పిల్లల కోసమా?" అని అడిగాడు. సార్ "పిల్లల కోసమే, గొర్లు మాకు ఇంటికాడ సాలు" అన్నారు. ఆ మందవాళ్ళ అబ్బాయి సైదులు కూడా చదువు మర్చిపోయి ఉంటాడనుకుని నేను తేలిక కాగితం తీశాను. వాడు గడగడా చదివేశాడు. ఎట్లా అని అడిగితే వాళ్ళ నాయన చెప్పాడు. "గొర్ల కడుపుల పురుగులకు నట్టల మందు, ఇంకో రోగానికి ఇంకో మందు, సీసా మీద ఎంత పొయ్యాలెనో వీడే సదివి చెప్తడు సార్. రోజుకో సీసా." ఇక మిర్యాలగూడలో మాకు కనబడకుండా పోయినవాళ్ళల్లో కొందరు గురుకులంలో సీటు వచ్చి వెళ్ళిపోయారు. వాళ్ళు మా కాగితం చూసి నవ్వారు, అంత తేలికగా అనిపించింది వాళ్ళకు. "మా అక్క బాగున్నదా మేడం?" అని మాత్రం అందరూ అడిగారు.

అంటే ఒక ఊళ్ళో తప్పిపోయినవాళ్ళు వెనకబడ్డవాళ్ళు, ఒక ఊళ్ళో ముందుకు పోయినవాళ్ళు. ఒక్క సూత్రంతో ఈ ఖాళీలన్నీ నింపబోయిన మా తెలివికి నాకే నవ్వొచ్చింది. సార్ మాత్రం నవ్వలేదు. ఎంత తిరిగినా దొరకని పిల్లలు ఇంకొందరు ఉన్నారు. వాళ్ళమ్మా నాన్నలు పని కోసం ఎటు పోయారో పక్కింటివాళ్ళకు కూడా తెలియదు. వాళ్ళకోసం సార్ వేరే దారి పట్టారు. ఆ పిల్లల మొదటి మార్కు, ఊరు, ఇంటి పని చూసి, అట్లాంటి పిల్లలు దొరికినవాళ్ళల్లో ఎట్లా రాశారో చూసి, ఆ పోలికతో నింపారు. ఒక్కసారి కాదు, రకరకాలుగా నింపి ప్రతిసారీ జవాబు మళ్ళీ కట్టారు. వాళ్ళెవరూ ఒక్క మాట కూడా నేర్చుకోలేదనుకుని కూడా ఒకసారి కట్టారు. "అన్ని తీర్ల నింపి సూడాలె. జవాబు నిలబడితే నిలబడ్డదని రాయాలె. ఊగితే ఊగిందని రాయాలె. మనం నింపింది మనం నింపినమని రాయాలె. గంతే."

జవాబు నిలబడింది. కానీ చిన్నదైంది. పిల్లలు నేర్చుకున్న మాట నిజమే. బజ్జీలు తిన్న రోజు మేం చూసినంత మాత్రం కాదు, అందులో సగం కూడా ఉండదు.

ఆ రోజు సార్ ఇంటికి పోయి గొడవ పెట్టుకున్నాను. ఆయన భార్య వంటింట్లోంచి వింటూనే ఉన్నారు. "పెద్దలు మిమ్మల్ని వెతకమన్నారా సార్? రెండు పరీక్షలూ రాసినవాళ్ళ లెక్క పంపితే అది అబద్ధమా? అందరూ అట్లనే పంపుతరు. ఇప్పుడు ఈ చిన్న అంకె చూసి పెంచమంటరా? మా ఊరి సంగతేంది?" అన్నాను. గొంతు పెద్దదైంది, తెలుసు.

సార్ నా మాట మధ్యలో ఆపలేదు. అంతా విని, "రేపు పెంచినంక ఇంత దూకుడు కనబడకపోతే ఎవరిని తిడ్తరు బిడ్డా? మీ అక్కలను. సక్కగ చెప్పలేదని. లేని బరువు వాళ్ళ నెత్తిన పెట్టకు" అన్నారు. వంటింట్లోంచి ఆమె "ముందు చాయ్ తాగున్రి, కొట్లాట చల్లారదు, చాయ్ చల్లారుతది" అని రెండు గ్లాసులు తెచ్చి మధ్యలో పెట్టారు.

పెద్దల మీటింగ్ సూర్యాపేటలోనే ఒక ఫంక్షన్ హాల్ పై గదిలో జరిగింది. సార్ అంకెను ఒక్కటిగా చెప్పలేదు. ఇక్కడినుంచి ఇక్కడిదాకా ఉండొచ్చు అని రెండు అంచులు చెప్పారు. ఒక పెద్దమనిషికి అది నచ్చలేదు. "ఖాయంగా ఎంతో చెప్పండి" అన్నాడు.

"ఖాయంగ చెప్పాల్నంటే దొరకని పిల్లలు ఖాయంగ దొరకాలె సార్. వాళ్ళు దొరకలే. కింది అంచు కూడా సున్నా కంటే మీదనే ఉన్నది. పిల్లలు నేర్సుకుంటున్నరు. నేను ప్రమాణం చేసి చెప్పగలిగింది గదొక్కటే."

ఉన్న ఊళ్ళలో చదువు నడపమన్నారు. పనుల కాలాన్ని బట్టి వేళలు మార్చుకోమన్నారు, పిల్లలు ఎటు పోతే అటు అక్కలు పోవచ్చన్నారు, రెండో పరీక్ష పత్తి అయిపోయాక పెట్టుకోమన్నారు. ఇవన్నీ సార్ తిరిగిన తిరుగుడు నుంచి వచ్చినవే. కొత్త మండలాలకు పెంచడం మాత్రం ఆపేశారు. నడిగూడెం ఆగిపోయింది.

మా వదినకు ఈ సంగతి ఎట్లా చెప్పాలా అని నేను తప్పించుకు తిరుగుతుంటే, ఒక ఆదివారం సార్ ఫోన్ చేసి "మీ ఊరికి పోదాం పా" అన్నారు. వచ్చారు. మా అన్న ఇంట్లో పీట మీద కూర్చుని జొన్న రొట్టె తిన్నారు. తిన్నాక మా వదినతో, "అమ్మా, మీ ఊరికి సాయంత్రం చదువు రాకపోవడానికి కారణం నేను. ఈమె కాదు. నా లెక్క వల్ల ఆగింది. గది చెప్పి పోదామని వచ్చిన" అన్నారు.

మా వదిన నోరు మంచిది కాదు. ఆయన వయసు చూసి కూడా ఆగలేదు. "మీ నిజం మా పిల్లకు సదువు నేర్పుతదా సార్?"

"నేర్పదమ్మా" అన్నారు సార్.

ఇంకేమీ కలపలేదు. ఏదో ఒక మంచి మాట చెప్పి నా పరువు నిలబెడతారని ఎదురుచూశాను. ఆయన దగ్గర అట్లాంటి మాటలు ఉండవు. లేనిదాన్ని ఉన్నట్టు నింపడం ఆయనకు కాగితం మీదే కాదు, నోటితో కూడా చేతకాదు. తిరుగు బస్సులో కిటికీ సీటు నాకిచ్చారు. అంత బాధపడ్డారని నాకు అప్పుడు తెలిసింది.

తర్వాత ఏడాది సంస్థ పెద్దలు మా లెక్కను ఒక్క ప్రశ్న లేకుండా తీసుకున్నారు. పోయినసారి నష్టమైనా నిజం రాసినవాళ్ళు ఈసారి అబద్ధం రాయరని అనుకున్నారేమో. ఆ పై ఏడు నడిగూడెం వచ్చింది. అప్పటికి మా అన్న బిడ్డ హైస్కూల్లో చేరిపోయింది. చదువు ఇప్పటికీ దానికి బరువే. దాని విషయంలో సార్ లెక్క ఒప్పు, మా వదిన కోపమూ ఒప్పే. రెండూ ఒప్పే అయినప్పుడు ఎట్లా బతకాలో నాకింకా సరిగ్గా తెలియదు.

నేరేడుచర్లలో విస్తరి మాట సార్ ఉత్తగా అనలేదని వాళ్ళమ్మాయి పెళ్ళిలో తెలిసింది. భోజనాల దగ్గర ఆయన ఒక పక్కన నిలబడి ఎవరు రాలేదో చూస్తున్నారు. ఆయన భార్య వచ్చి, "వచ్చినోళ్ళకు నీళ్ళు పోసెటోడు లేడు, మీ సార్‌కు రానోళ్ళ ముచ్చట" అని నాతో మొరపెట్టుకున్నారు. పెళ్ళయిన మర్నాటి నుంచి సార్ ఒక్కొక్కరి ఇంటికి పోయారు. ఒకాయనకు కాలు విరిగింది, ఇంకొకాయనకు పిలుపులో ఏదో పట్టింపు వచ్చింది. కాలేజీలో అటెండర్‌గా చేసిన ఒక ముసలామెకు కట్టుకుని రావడానికి మంచి చీర లేదు. ఆ ఇంటికి భార్యను కూడా వెంటబెట్టుకుని పోయి, అక్కడే కూర్చుని భోంచేసి వచ్చారు. "వచ్చినోళ్ళు ఎందుకొచ్చిన్రో అడగాల్సిన పని లేదు, లడ్డూ కోసం వస్తరు. రానోళ్ళకే ఒక కథ ఉంటది" అనేవారు.

గొప్ప మనిషి అని రాయబోతే ఆయనే ఒప్పుకోరు. మొండి మనిషి. గొడుగులు ఎన్ని పోగొట్టారో ఆయనకే తెలియదు. ఎవరైనా "సగటున" అంటే చాలు, "ఎవరి సగటు? ఎవరిని ఇడిసిపెట్టి?" అని మాటకు అడ్డం పడేవారు. టీవీ చూస్తూ కూడా అదే ప్రశ్న. పక్కన కూర్చున్నవాళ్ళు లేచి పోవాల్సిందే. నాకు లెక్కలు నేర్పింది ఆయనే అయినా పొగడ్త ఎన్నడూ రాలేదు. నా కాగితాలు చూసి తప్పు లేకపోతే ఏమీ అనేవారు కాదు. ఆ ఏమీ అనకపోవడం కోసమే నేను కష్టపడేదాన్ని.

సూర్యాపేటలో ఆయన అంత్యక్రియలు అయిన వారానికి మా పరీక్ష వచ్చింది. పత్తిని తప్పించుకుందామని పరీక్షను ఫిబ్రవరికి జరిపితే, నడిగూడెంలో మిర్చి ఎదురైంది. ఇప్పుడు అక్కడ చెప్పే అక్క కొత్తమ్మాయి. నేను పోయేసరికి బడి గుమ్మంలో బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంది. "రేణుక రాలే మేడం. తోటకు పోయిందట. ఆ పిల్ల మొదటి పరీక్షల ఒక్క మాట కూడా చదవలే. ఇడిసిపెడదామా?" అంది.

కాగితాలు సంచిలో పెట్టుకుని, ఇద్దరం స్కూటీ మీద తోటకు పోయాం.

మిరప తోట ఎర్రగా పండి ఉంది. ఆడవాళ్ళు వరసలుగా వంగి కాయలు ఏరుతున్నారు. ఘాటుకు తోటలోకి పోగానే నాకు తుమ్ములు మొదలయ్యాయి. రేణుక, వాళ్ళమ్మ పక్కపక్క వరసల్లో ఉన్నారు, తల్లి కొంగు ముక్కుకు కట్టుకుని ఉంది. మమ్మల్ని చూసి తల్లి నడుం నిలబెట్టింది. "పరీక్ష మళ్ళ పెట్టుకున్రి మేడం, గిట్ల పని నడుమ సదువేంది? అది దానికి ఎట్లనన్న రాదు" అంది. రేణుక చేతిలో కాయలు అలాగే పట్టుకుని నిలబడింది. కాగితం ఇవ్వబోతే వెనక్కి జరిగింది.

"చేతులకు కారం ఉన్నది మేడం. కాయితానికి అంటుతది."

సరే, నేను పట్టుకుంటానన్నాను. రేణుక చేతులు వెనక్కి పెట్టుకుని, కాగితం దగ్గరకు మొహం తెచ్చింది. మొదటి మాట దగ్గర చాలాసేపు ఆగింది. తల్లి మళ్ళీ కాయలు ఏరడానికి వంగబోయింది. అప్పుడు పిల్ల మొదటి మాట చదివింది. తర్వాతది చదివింది. ఒక్కో అక్షరం మీద కాలు మోపి చూసుకుంటూ పోయినట్టు, మెల్లగా, వరస చివరికి వచ్చింది. పక్క వరసల్లో ఆడవాళ్ళు ఏరడం ఆపేశారు. ఎవరో "జర గట్టిగ సదువు బిడ్డా, ఇనవడతలేదు" అన్నారు. రేణుక గొంతు పెంచి చివరిదాకా చదివింది.

నేను తల్లి వైపు చూశాను. కళ్ళు కారుతున్నాయి. మిరప చేతులతో తుడుచుకోవద్దు కదా, భుజానికేసి తుడుచుకుంటోంది, ఒకసారి ఈ భుజం, ఒకసారి ఆ భుజం.

"ఇంకోటి లేదా మేడం?" అంది. "ఉంటే సదివించున్రి. ఏరుడు ఏడికి పోతది."

నేను రెండో కాగితం తీసి పట్టుకున్నాను.